గెలిచిన సంస్కరణ, ఓడిన సంస్కర్త: మారియో సేన్యి కేస్ స్టడీ

ఎన్నికల సంస్కరణల మీద పనిచేసే వలంటీర్లకు ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. ప్రతి బ్యాచ్‌లో ఒక పూట మొత్తం ఇటలీకి చెందిన మారియో సేన్యి గురించే చెప్తాను. ఈ పేరు విన్నవాళ్లు మన దగ్గర తక్కువ. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఎవరూ ఫోన్ చూడరు. మంత్రి పదవి చేతిలో లేకుండా, పెద్ద పార్టీల నాయకులు అడ్డుపడుతున్నా, జనం సంతకాలతో ఒక దేశపు ఎన్నికల పద్ధతిని మార్పించిన మనిషి ఆయన. కొత్త పద్ధతిలో జరిగిన మొదటి ఎన్నికలోనే సొంత ఊరి నియోజకవర్గంలో ఓడిపోయిన మనిషి కూడా ఆయనే. ఈ రెండూ ఒకే మనిషికి, ఒకే ఏడాది తేడాతో ఎందుకు జరిగాయన్నదే ఈ కేసులో అసలు ప్రశ్న. సంస్కరణ కోసం పనిచేసే ప్రతివాళ్లూ దీన్ని తమ సొంత కేసులా చదవాలని నా కోరిక.

ముందు మనిషి గురించి. సేన్యి 1939లో సార్డీనియా దీవిలోని సస్సరిలో పుట్టాడు. తండ్రి ఆంటోనియో సేన్యి రెండుసార్లు ప్రధాని, 1962 నుంచి 1964 దాకా దేశాధ్యక్షుడు. కమ్యూనిస్టు నాయకుడు బెర్లింగ్వేర్, తర్వాత అధ్యక్షుడైన కొసీగా కూడా సస్సరి వాళ్లే. అంటే రాజకీయం ఇంట్లోనూ వీధిలోనూ ఉన్న ఊరు. కొడుకు సేన్యి న్యాయశాస్త్రం ప్రొఫెసర్. 1976లో క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ తరఫున పార్లమెంటు దిగువ సభకు ఎన్నికయ్యాడు. తిరుగుబాటుదారుడి లక్షణాలేవీ ఆయనలో కనిపించేవి కావు. నెమ్మదైన మనిషి, అధికార పార్టీలో పెద్దింటి బిడ్డ.

ఇక జబ్బు సంగతి. యుద్ధం తర్వాత ఇటలీ దామాషా పద్ధతి పెట్టుకుంది. పార్టీకి ఎన్ని ఓట్లో దాదాపు అన్ని సీట్లు. ముస్సోలినీ పాలన చూసిన దేశం కాబట్టి, ఒక్కడి చేతికి బలం పోకూడదన్న ఆలోచన దాని వెనక ఉంది. నాకు ఆ ఆలోచన మీద గౌరవమే. కానీ నలభై ఏళ్లలో అది ఎలా తయారైందంటే, క్రిస్టియన్ డెమోక్రాట్లు ఎప్పుడూ అధికారంలోనే ఉంటారు, రెండో పెద్ద పార్టీ అయిన కమ్యూనిస్టులు 1947 తర్వాత ఎప్పుడూ కేబినెట్‌లోకి రారు. మధ్యలో చిన్న పార్టీలు మంత్రి పదవుల కోసం బేరాలాడతాయి. ప్రభుత్వాల సగటు ఆయుష్షు ఏడాది కూడా ఉండదు. ఓటరు ఓటు వేసి ఇంటికెళ్లాక ప్రధాని ఎవరన్నది పార్టీ ఆఫీసుల్లో తేలేది. పాలనలో తప్పు జరిగితే ఎవరిని దించాలో ఓటరుకు తెలియదు, తెలిసినా దించే దారి లేదు.

దీన్ని మార్చాలని అంతకుముందు ఎవరూ చూడలేదా అంటే, చూశారు. 1953లో ప్రధాని డి గాస్పెరి ఒక చట్టం తెచ్చాడు. సగానికి మించి ఓట్లు తెచ్చుకున్న కూటమికి 65 శాతం సీట్లు ఇవ్వాలన్నది దాని సారం. ప్రతిపక్షాలు దానికి ‘మోసపు చట్టం’ అని పేరు పెట్టాయి, ఆ పేరే నిలిచిపోయింది. ఆ ఏడాది ఎన్నికల్లో అధికార కూటమి 60 వేల లోపు ఓట్ల తేడాతో సగం మార్కు అందుకోలేకపోయింది. మరుసటి ఏడాది చట్టం రద్దయింది. ఆ తర్వాత మూడు దశాబ్దాల పైగా దామాషా పద్ధతిని ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నట్టే అందరూ ఉన్నారు. పార్లమెంటు ద్వారా ఈ పని కాదని సేన్యికి అర్థమైంది అందుకే.

అప్పుడు ఆయన చేతికి దొరికిన పనిముట్టు ఇటలీ రాజ్యాంగం 75వ అధికరణం. 5 లక్షల మంది ఓటర్లు సంతకాలు పెడితే, ఉన్న చట్టాన్ని పూర్తిగా గానీ కొంత గానీ రద్దు చేయాలా అని దేశమంతా ఓటు పెట్టాలి. దీన్నే రిఫరెండం అంటారు. మొత్తం ఓటర్లలో సగానికి పైగా వచ్చి ఓటేస్తేనే ఫలితం చెల్లుతుంది. ఇది కొట్టివేయడానికే పనికొస్తుంది. కొత్తగా ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు.

నా క్లాసులో ఇక్కడ అందరికీ ఒక కాగితం, ఒక ఎర్ర పెన్ను ఇస్తాను. కాగితం మీద ఇటలీ ఎగువ సభ పాత చట్టం సారాంశం తెలుగులో ఒకే వాక్యంగా ఉంటుంది: నియోజకవర్గంలో 65 శాతానికి తగ్గకుండా ఓట్లు తెచ్చుకుని, అందరికంటే ముందున్న అభ్యర్థి నేరుగా గెలుస్తాడు, లేకపోతే ఓట్లన్నీ ప్రాంతం మొత్తంలో కలిపి దామాషాలో పంచాలి. 65 శాతం ఎవరికి వస్తుంది? దాదాపు ఎవరికీ రాదు. అందుకే పేరుకు నియోజకవర్గాలు ఉన్నా, నడిచేది దామాషానే. ‘కొత్తగా ఏమీ రాయకుండా, కొట్టేయడం మాత్రమే చేసి, ఈ వాక్యాన్ని మన అసెంబ్లీ ఎన్నికలాగా మార్చండి’ అంటాను. పది నిమిషాల్లో ఎవరో ఒకరు 65 శాతం అన్న ముక్క మీద గీత పెడతారు. అంతే. మిగిలింది ‘అందరికంటే ముందున్న అభ్యర్థి నేరుగా గెలుస్తాడు’. అప్పట్లో ఎగువ సభలో ఉన్న 315 సీట్లలో 238 సీట్లకు ఆ ఒక్క గీతతో పద్ధతి మారిపోతుంది. సేన్యి, ఆయనతో ఉన్న న్యాయ నిపుణులు వేసిన ప్లాన్ ఇదే. ఆ గీత పెట్టిన వలంటీర్ మొహంలో వెలుగు చూడటం కోసమైనా ఈ క్లాసు మళ్లీ మళ్లీ చెప్పాలనిపిస్తుంది.

1990లో కమిటీ ఏర్పడింది. అందులో ఎవరున్నారన్నది చాలా ముఖ్యం. క్యాథలిక్ యూనివర్సిటీ విద్యార్థుల సంఘం, కార్మికుల సంఘం, ఉదారవాదులు, రాడికల్స్, కమ్యూనిస్టు పార్టీ వైపున్న రాజ్యాంగ నిపుణుడు బార్బెరా లాంటివాళ్లు, అందరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. సేన్యి సొంత పార్టీ పెద్దలు మాత్రం కూర్చోలేదు. మూడు ప్రశ్నల మీద సంతకాలు సేకరించారు. ఒకటి ఎగువ సభ, రెండోది మునిసిపాలిటీల ఎన్నికలు, మూడోది దిగువ సభ బ్యాలెట్‌లో ప్రిఫరెన్స్ ఓట్లు.

1991 మొదట్లో రాజ్యాంగ న్యాయస్థానం మొదటి రెండిటినీ తోసిపుచ్చింది. మిగిలింది మూడోదే, అన్నిటికంటే చిన్నది. ఓటరు పార్టీకి ఓటేశాక, ఆ పార్టీ జాబితాలో తనకు నచ్చిన అభ్యర్థుల్ని నియోజకవర్గం సైజును బట్టి మూడో నాలుగో ప్రిఫరెన్సులుగా రాయొచ్చు. దాన్ని ఒకటికి తగ్గించాలా వద్దా? ఇంతే ప్రశ్న. కమిటీలో ఉన్నవాళ్లు నీరుగారిపోయి ఉంటే తప్పు పట్టలేం. పద్ధతినంతా మార్చాలని బయల్దేరితే చేతిలో మిగిలింది బ్యాలెట్ మీద రెండు మూడు గీతలు.

కానీ ఆ గీతల వెనక ఏముందో చూడండి. జాబితాలో 30 మంది అభ్యర్థులున్నారనుకుందాం. అభ్యర్థి పేరు బదులు నంబర్ రాసినా చెల్లేది. ఊరి పెద్ద ఒక కుటుంబానికి ‘7, 12, 3, 21’ అని రాయమంటాడు. పక్కింటికి ‘7, 21, 12, 3’ అని. అసలు గెలవాల్సింది 7వ నంబర్ మనిషి. మిగతా నంబర్లు ఆ కుటుంబం వేలిముద్ర లాంటివి. కౌంటింగ్‌లో అధికారి ప్రతి బ్యాలెట్‌నూ పైకి చదువుతాడు. పక్కన పార్టీ మనిషి లిస్టు పట్టుకుని టిక్కు పెట్టుకుంటాడు. ‘7, 21, 12, 3’ వినపడకపోతే ఆ ఇల్లు మాట తప్పినట్టే. అబ్బాయి ఉద్యోగం, తాత పెన్షన్ కాగితం అక్కడితో ఆగిపోతాయి. 30 మంది నుంచి నలుగుర్ని వరుస క్రమంలో రాయడానికి 6,57,720 రకాలు ఉన్నాయి. ఒక బూత్‌లో ఉండేది కొన్ని వందల మంది ఓటర్లు. ఒక్కో మనిషికి ఒక్కో కోడ్ ఇచ్చినా ఇంకా ఎంత మిగిలిపోతుందో లెక్క వేసుకోండి. రహస్య ఓటు అని రాజ్యాంగంలో ఉంది, బూత్‌లో లేదు. ప్రిఫరెన్స్ ఒకటే అయితే 30 రకాలే మిగులుతాయి, ఒకే అభ్యర్థికి వేసినవన్నీ ఒకేలా ఉంటాయి. ఎవరు వేశారో చెప్పడం ఎవరి తరమూ కాదు.

చిన్న ప్రశ్న అని పార్టీలు తేలిగ్గా తీసుకున్నాయి. జనానికి మాత్రం అది తమ ఇంటి సంగతి. సంస్కరణ ప్రచారంలో నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే విలువైనది ఇక్కడుంది. మేము ఒకసారి పద్నాలుగు డిమాండ్లతో వినతిపత్రం తయారుచేసి ఇచ్చాం. చదివిన అధికారి మర్యాదగా ఫైల్లో పెట్టుకున్నారు. ఆ పద్నాలుగులో ఏది ఓటరు ఇంటి గుమ్మం దాకా వెళ్తుందో మేము ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. కోర్టు రెండు ప్రశ్నలు కొట్టేయడం సేన్యికి మేలే చేసింది.

పోలింగ్ 1991 జూన్ 9న, ఎండాకాలం ఆదివారం. మాజీ ప్రధాని, సోషలిస్టు నాయకుడు క్రాక్సీ జనానికి బీచ్‌కి వెళ్లమని సలహా ఇచ్చాడు. లెక్క సరైనదే. ‘కాదు’ అని ప్రచారం చేయడం కంటే, సగం మంది రాకుండా చేస్తే చాలు, కోరం ఉండదు. ఆ సలహా ఎదురుతన్నింది. 62.5 శాతం వచ్చారు. వచ్చినవాళ్లలో 95.6 శాతం ‘అవును’ అన్నారు. తమను పిల్లల్లా చూసిన నాయకుడి మీద కోపం కూడా ఆ పెట్టెల్లో పడిందని నా నమ్మకం.

తర్వాతి రెండేళ్లలో దేశమే తలకిందులైంది. 1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో ఒక వృద్ధాశ్రమం నడిపే సోషలిస్టు నాయకుడు లంచం తీసుకుంటూ దొరికాడు. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. పెద్ద పార్టీల నాయకులు, పారిశ్రామికవేత్తలు వరసగా విచారణకు వెళ్లారు. ఈ ఊపులోనే ఎగువ సభ ప్రశ్నను తిరగరాసి మళ్లీ కోర్టుకు తీసుకెళ్తే, ఈసారి అనుమతి వచ్చింది. 1993 మార్చి చివర్లో సేన్యి క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీకి రాజీనామా చేశాడు. ఏప్రిల్ 18న రిఫరెండం. 77 శాతం పోలింగ్, 82.7 శాతం ‘అవును’.

ఈ గీత ఎక్కడ పెట్టారో గమనించాలి. రిఫరెండంతో కొత్త చట్టం రాయలేరని చెప్పాను కదా. కానీ ఎగువ సభ ఒక పద్ధతిలో, దిగువ సభ పూర్తిగా ఇంకో పద్ధతిలో ఎన్నికైతే దేశం నడవదు. ఇటలీలో రెండు సభలకూ సమాన అధికారం, ప్రభుత్వానికి రెండు సభల విశ్వాసమూ కావాలి. కాబట్టి ఇల్లు సగం కూల్చి వదిలేస్తే మిగతా సగం పార్లమెంటే కట్టక తప్పదు. కూల్చే పనిముట్టుతో కట్టించడం అంటే ఇదే. నాలుగు రోజులకు ప్రధాని అమాటో రాజీనామా చేశాడు, రిజర్వు బ్యాంకు లాంటి సంస్థ గవర్నర్‌గా ఉన్న చాంపి ప్రధాని అయ్యాడు. ఆగస్టు 4న కొత్త చట్టాలు వచ్చాయి. సెర్జో మత్తరెల్లా పేరు మీద చలామణి అయిన చట్టాలివి. ఆ మత్తరెల్లానే 2015 నుంచి దేశాధ్యక్షుడు. దిగువ సభలో 630 సీట్లకు 475 ఏకసభ్య నియోజకవర్గాలు, ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు. మిగిలిన 155 దామాషా. అదే ఏడాది మేయర్లను జనమే నేరుగా ఎన్నుకునే చట్టం కూడా వచ్చింది.

ఆ వేసవిలో ఇటలీలో సేన్యిని మించిన పేరున్న నాయకుడు లేడని చెప్పొచ్చు. ఏడాది తిరగకుండానే అంతా పోయింది. ఈ కేసులో నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే.

కొత్త పద్ధతిలో నియోజకవర్గానికి ఒక్కడే గెలుస్తాడు. మనకు ఇది పుట్టినప్పటి నుంచీ తెలిసిన లెక్క. 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో 39 శాతం పైగా ఓట్లు వచ్చిన పార్టీకి 175లో 11 సీట్లే దక్కాయి. ఇద్దరి పోటీలోనే ఇలా ఉంటే, మూడోవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఇటలీ వాళ్లకు ఈ లెక్క కాగితం మీదే తెలుసు, ఒంటికి తెలియదు. 1993 చివర్లో రోమ్, నేపుల్స్ మేయర్ ఎన్నికల్లో చివరి పోటీ ఎడమ, కుడి అభ్యర్థుల మధ్యే జరిగింది. మధ్యలో ఉన్న పాత పార్టీ కనపడకుండా పోయింది. అది మొదటి హెచ్చరిక.

సేన్యి ముందు రెండు తలుపులున్నాయి. ఒకటి డెమోక్రటిక్ అలయన్స్ అనే వేదిక ద్వారా ఎడమవైపు. కమ్యూనిస్టు పార్టీ పేరు మార్చుకుని పెట్టుకున్న కొత్త పార్టీతో పొత్తు తప్పదు. ఆయన కొన్నాళ్లు అందులో ఉండి, శరదృతువులో బయటికొచ్చాడు. రెండోది కుడివైపు. 1994 జనవరిలో ఉత్తరాది ప్రాంతీయ పార్టీ అయిన లీగ్‌తో ఒక ఒప్పందం కుదిరింది, కొద్ది రోజుల్లోనే లీగ్ పక్కకు తప్పుకుంది. అదే జనవరిలో టీవీ చానెళ్ల యజమాని బెర్లుస్కోనీ రాజకీయాల్లోకి వస్తున్నట్టు ప్రకటించి, ఉత్తరాన లీగ్‌తో, దక్షిణాన ముస్సోలినీ వారసత్వం నుంచి వచ్చిన నేషనల్ అలయన్స్‌తో వేరువేరుగా పొత్తు కట్టేశాడు. కొత్త రూల్‌ను అందరికంటే బాగా చదివింది ఆ రూల్ తెచ్చినవాడు కాదు, దాంతో ఏ సంబంధమూ లేని వ్యాపారి.

సేన్యి మధ్యలోనే ఉండిపోయాడు. పది నెలల కింద వదిలేసి వచ్చిన పార్టీ, పేరు మార్చుకుని పాపులర్ పార్టీగా వస్తే దానితోనే ‘ఇటలీ కోసం ఒప్పందం’ అనే కూటమి కట్టి, తనే ప్రధాని అభ్యర్థి అయ్యాడు. 1994 మార్చి 27, 28 తేదీల్లో ఎన్నికలు. కూటమికి దాదాపు 15.7 శాతం ఓట్లు వచ్చాయి. దిగువ సభలోని 475 నియోజకవర్గాల్లో గెలిచింది నాలుగు. దామాషా సీట్లు కలుపుకుంటే మొత్తం 46. బెర్లుస్కోనీ కూటమికి 366. సస్సరిలో నేషనల్ అలయన్స్ అభ్యర్థి చేతిలో సేన్యి ఓడిపోయాడు. ఆయన సభలోకి వచ్చింది దామాషా కోటాలో. ఏ పద్ధతిని తీసేయాలని నాలుగేళ్లు పోరాడాడో, దానిలో మిగిలిన పావు వంతే ఆయన్ను సభలో కూర్చోబెట్టింది.

ఇటలీలో ఆయన గురించి ఒక మాట తిరుగుతూ ఉంటుంది: లాటరీ తగిలాక టికెట్ పారేసుకున్న మనిషి అని. మన దగ్గరైతే రెంటికీ చెడ్డ రేవడి అంటారు. రెండు మాటలూ నేను ఒప్పుకోను. లాటరీ అదృష్టం. ఆయనది నాలుగేళ్ల కష్టం. పైగా ఆయన ఎడమకు వెళ్లనిది, కుడికి పూర్తిగా పోనిది తెలివి లేక కాదు. తన ఓటర్లు మధ్యతరగతి క్యాథలిక్కులు. వాళ్లలో చాలామందికి కమ్యూనిస్టు జెండా నుంచి వచ్చినవాళ్లతో కలవడం మింగుడుపడదు, ముస్సోలినీ వారసత్వం నుంచి వచ్చినవాళ్లతోనూ మింగుడుపడదు. ఆయన వాళ్లను వదల్లేదు.

అయినా వృత్తిగా ఈ పని చేసేవాడిగా నేను తప్పు ఎక్కడుందో చెప్పాలి. రిఫరెండంలో మీకు కావలసింది ‘అవును’ అనే మెజారిటీ. దాని కోసం ఎడమా కుడీ మధ్యా అందరినీ కలపొచ్చు, కలపాలి కూడా. ఎన్నికలో కావలసింది ప్రతి నియోజకవర్గంలో ఒక అభ్యర్థి, ఒక ఆఫీసు, బూత్‌కు ఇద్దరు ఏజెంట్లు. 82.7 శాతం ఒక ప్రశ్నకు వచ్చిన ఓటు, ఒక మనిషికి వచ్చిన ఓటు కాదు. సేన్యి కమిటీకి సంతకాలు సేకరించే బలగం ఉంది, పార్టీ లేదు. 1991కీ 1994కీ మధ్య దొరికిన సమయంలో ఆ బలగాన్ని జిల్లాల్లో నిలబెట్టే పని జరగలేదు. తను తెచ్చే రూల్ కింద తను ఎక్కడ నిలబడాలన్న లెక్క ఏప్రిల్ 18కి ముందే వేసుకుని ఉండాల్సింది. మా వలంటీర్లను ఇప్పుడు ఈ లెక్క ముందే వేయమంటున్నాను. మీరు అడుగుతున్న మార్పు రేపు వచ్చేస్తే, ఎల్లుండి మీరు ఎక్కడుంటారు?

1996లో సేన్యి పోటీ చేయకుండా యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. కానీ పని వదల్లేదు. దిగువ సభలో మిగిలిన దామాషా పావు వంతును కూడా తీసేయాలని మళ్లీ సంతకాలు సేకరించారు. 1999 ఏప్రిల్‌లో దాని మీద రిఫరెండం జరిగింది, ఆ సంగతి చివర్లో చెప్తాను. 1999 జూన్‌లో యూరప్ పార్లమెంటు ఎన్నికలకు నేషనల్ అలయన్స్‌తోనే కలిసి, ఏనుగు గుర్తుతో దిగితే 10.3 శాతం వచ్చింది. 2000 మే 21న అదే ప్రశ్నను మళ్లీ పెడితే ఓటర్లలో మూడో వంతు కూడా రాలేదు. 2009 జూన్‌లో ఇంకో రకం ప్రశ్నలతో రిఫరెండం జరిగింది. ఆ కమిటీ అధ్యక్షుడు గుజ్జెత్తా, 1990 ప్రాంతంలో క్యాథలిక్ విద్యార్థుల సంఘం నాయకుడు, అప్పటికి న్యాయశాస్త్రం ప్రొఫెసర్. సేన్యి పక్కనే ఉన్నాడు. వచ్చిన ఓటర్లు సుమారు 23 శాతం.

ఈ వరసలో నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం 1999 రిఫరెండమే. తేదీ మళ్లీ ఏప్రిల్ 18, సరిగ్గా ఆరేళ్ల తర్వాత. ఓటేసినవాళ్లలో 91.5 శాతం ‘అవును’ అన్నారు. పోలింగ్ 49.6 శాతం. సగానికి 0.4 తక్కువ, అంతే, చెల్లలేదు. విదేశాల్లో స్థిరపడిన ఇటాలియన్ల పేర్లు కూడా ఓటర్ల జాబితాలో ఉన్నాయి. అప్పట్లో వాళ్లు ఓటేయాలంటే ప్రయాణం చేసి స్వదేశానికి రావాలి. వాళ్లు రాలేదు, జాబితాలో మాత్రం లెక్కలో ఉన్నారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఏ ఊళ్లో ప్రచారం మొదలుపెట్టినా మా వాళ్లు మొదటి వారం కరపత్రాలు పంచరు. ఓటర్ల జాబితా తీసుకుని ఇంటింటికీ వెళ్తారు. చనిపోయినవాళ్లు, వలస పోయినవాళ్లు, రెండు చోట్ల పేరున్నవాళ్లు ఎంతమందో రాసుకుని, తొలగింపు ఫారాలు నింపించి, రసీదు తీసుకున్నాకే మిగతా పని.